సూపర్‌వైజర్ ఈమెయిల్‌ని తెరవకుండానే డిలీట్ చేసే లౌడన్ తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

అన్నలూ వదినలూ, అక్కలూ తమ్ముళ్లూ, అందరికీ నమస్కారం.

నేనూ మీలాంటిదాన్నే అని ముందే ఒప్పేసుకుంటున్నా, లేకపోతే ఈవిడెవరు మాకు క్లాసు పీకడానికి అంటారు. వర్జీనియా లౌడన్ కౌంటీలో, ఆష్‌బర్న్ అడ్రసులో ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో కౌంటీని నడిపే బోర్డుకి మా డిస్ట్రిక్ట్ నుంచి ఎన్నికైన సూపర్‌వైజర్ ఆఫీసు నుంచి నెలనెలా వచ్చే అప్‌డేట్‌ని ఎన్నిసార్లు తెరిచానంటే ఒక చేతి వేళ్లు ఎక్కువ. కోస్ట్‌కో ఆఫర్ల మెయిల్ అయినా చూసేదాన్ని, దీన్ని మాత్రం చూడకుండానే పక్కకి తోసేసేదాన్ని. పైగా ఆ మెయిల్ నాకెందుకు వస్తోందో కూడా తెలీదు, ఏదో ఫెస్టివల్ స్టాల్ దగ్గర పిల్లాడికి బెలూన్ ఇచ్చి నా ఈమెయిల్ రాయించుకున్నారు, అప్పటి నుంచీ వస్తోంది.

మా కమ్యూనిటీ వెనక చిన్న అడవిలాంటిది ఉండేది. పొద్దున జింకలు వచ్చేవి, మా పెరట్లో బెండ మొక్కలు తినేసి పోయేవి, వాటిని తిట్టుకుంటూనే ఫోటోలు తీసి ఇండియాకి పంపేదాన్ని. ఆ అడవి పక్కన రోడ్డు మీద ఒక బోర్డు పాతారు. రోజూ ఆఫీసుకి వెళ్తూ వస్తూ దాని పక్క నుంచే పోయేదాన్ని, ఎవరో ఇళ్లు అమ్ముతున్నారేమో అనుకున్నా. ఒక్కరోజు కూడా కారు ఆపి దాంట్లో ఏముందో చదవలేదు. తర్వాత ఆ బోర్డు పోయింది, అదీ గమనించలేదు. ఇంకొన్నాళ్లకి ఒక సోమవారం పొద్దున్నే ఏడింటికి రంపాల చప్పుడు. సాయంత్రానికి చెట్లు లేవు. మా వాట్సాప్ గ్రూపు ఆ రోజు చూడాలి, రెండు వందల మెసేజీలు. ఇదేం అన్యాయం, ఎవర్ని అడిగి కొట్టారు, లాయర్ని పెడదాం, టీవీ వాళ్లని పిలుద్దాం, మన ఇళ్ల రేట్లు పడిపోతాయి. అందరికంటే ఎక్కువ అరిచింది నేనే.

కోపంతో సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్ చేశా. ఒక అసిస్టెంట్ అబ్బాయి ఎత్తాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు, అదే నాకు ఇంకా మంట. ఏ స్థలమో చెప్పించుకుని రెండు నిమిషాలు వెతికి అన్నాడు కదా, "దీనికి పబ్లిక్ హియరింగ్ అయిపోయి చాలా నెలలైందండీ, మా న్యూస్‌లెటర్‌లో రెండుసార్లు వేశాం, సైట్ దగ్గర బోర్డు పెట్టాం." ఎంతమంది వచ్చి మాట్లాడారు అనడిగా. నలుగురు. మా వైపు నుంచి? ఎవరూ లేరు. ఫోన్ పెట్టేసి ఇన్‌బాక్స్ చెత్తబుట్టలో వెతికితే ఆ రెండు మెయిళ్లూ ఉన్నాయి. మా వీధి పేరుతో సహా.

మొన్న సమ్మర్‌లో మా అత్తయ్యగారు వచ్చారు. రాత్రి డెక్ మీద కూర్చుని, "ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టుంది, ఈ వేళప్పుడు పిండి ఎవరమ్మా పట్టించుకునేది" అన్నారు. అంత దూరం నుంచి వచ్చే డేటా సెంటర్ ఫ్యాన్ల హోరు అది, ఇంటర్నెట్‌ని నడిపే కంప్యూటర్లు నింపిన బిల్డింగు. మాకు అలవాటైపోయి వినపడటం మానేసింది, ఆవిడ చెప్పాక మళ్లీ వినపడటం మొదలైంది. ఇప్పటికీ పోలేదు.

సరే, అసలు విషయానికొస్తా. సూపర్‌వైజర్ అంటే ఎవరు అని మా అమ్మ అడిగింది, "మేస్త్రీల మీద ఉండేవాడా?" అని. నవ్వాను గానీ, నిజానికి నాకూ సరిగ్గా తెలీదు. తెనాలి దగ్గర మా ఊళ్లో వార్డు మెంబరు ఎవరో, ఆయన పోయినసారి ఎన్ని ఓట్లతో గట్టెక్కాడో, వీధి కుళాయి మా ఇంటి ముందు కాకుండా వాళ్ల బావగారి ఇంటి ముందు ఎందుకు పడిందో ఇప్పటికీ నాన్నని అడిగితే అరగంట చెప్తాడు. అదే నాన్న కూతుర్ని నేను, ఏడాదికి వేల డాలర్లు ట్యాక్సు కడుతూ ఆ డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నానో తెలీకుండా బతికేశా.

ఆష్‌బర్న్‌కి మేయర్ లేడు. ఇది చాలామందికి తెలీదు. లీస్‌బర్గ్‌కి ఉన్నాడు, పర్సెల్‌విల్‌కి ఉన్నాడు, అవి టౌన్లు. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, స్టోన్ రిడ్జ్, సౌత్ రైడింగ్, స్టెర్లింగ్ ఇవేవీ టౌన్లు కావు, ఉత్త పేర్లు. మనకి మునిసిపాలిటీ అయినా పంచాయతీ అయినా అన్నీ కౌంటీయే. ఆ కౌంటీని నడిపేది తొమ్మిదిమంది బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. కౌంటీ మొత్తం ఓటేసి ఎన్నుకునే చైర్ ఒకరు, ఇప్పుడు ఫిలిస్ రాండల్, 2015 నుంచీ ఆవిడే గెలుస్తోంది. మిగతా ఎనిమిదిమంది ఎనిమిది డిస్ట్రిక్ట్‌ల నుంచి: ఆల్గాంకియన్, ఆష్‌బర్న్, బ్రాడ్ రన్, కటాక్టిన్, డల్లస్, లీస్‌బర్గ్, లిటిల్ రివర్, స్టెర్లింగ్. (ఈ డల్లస్ టెక్సాస్ డాలస్ కాదని ఇండియాలో చుట్టాలకి చెప్పీ చెప్పీ మీకూ నోరు నొప్పెట్టే ఉంటుంది.) మీ అడ్రసులో ఆష్‌బర్న్ అని ఉంది కాబట్టి మీది ఆష్‌బర్న్ డిస్ట్రిక్టే అనుకోకండి, నేనలాగే అనుకుని మొదట వేరేవాళ్ల ఆఫీసుకి ఫోన్ చేశా. కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే చెప్తుంది, ఒక్క నిమిషం పని.

వీళ్లేమీ ఆకాశం నుంచి ఊడిపడ్డవాళ్లు కాదు. 2017లో ట్రంప్ కాన్వాయ్ వెళ్తుంటే సైకిల్ మీద నుంచి మధ్య వేలు చూపించి, ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగి, ఉద్యోగం పోగొట్టుకున్నావిడ గుర్తుందా? జూలీ బ్రిస్క్‌మన్. 2019లో ఆల్గాంకియన్ నుంచి సూపర్‌వైజర్‌గా గెలిచింది. ఆవిడ చేసింది రైటా తప్పా అనే గొడవ ఇక్కడొద్దు, ఉద్యోగం పోయిన మనిషి రెండేళ్లలో ఆ కుర్చీలో కూర్చుందంటే అది మనకి అందనంత దూరంలో ఏమీ లేదని చెప్పడానికి రాస్తున్నా.

మన ఇంకో జబ్బు, తప్పు గుమ్మం ముందు నిలబడి అరవడం. దీంట్లో నాకు డాక్టరేట్ ఇవ్వొచ్చు. ఒక శీతాకాలం మా వీధిలో మంచు రెండ్రోజులు తీయలేదని సూపర్‌వైజర్‌కి కాస్త ఘాటుగానే మెయిల్ కొట్టా. జవాబు వచ్చింది: వర్జీనియాలో కౌంటీ రోడ్లు దాదాపు అన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి, రాష్ట్ర రవాణా శాఖ వీడాట్ చూసుకుంటుంది, ఆర్లింగ్టన్, హెన్రైకో రెండు కౌంటీలే తమ రోడ్లు తాము చూసుకుంటాయి. సరేనని వీడాట్‌కి ఫోన్ చేస్తే, మీ టౌన్‌హౌస్ వీధి మాది కాదమ్మా, అది ప్రైవేట్ వీధి, మీ ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏ ఉంది కదా, వాళ్ల కాంట్రాక్టర్‌ని అడగండి అన్నారు. హెచ్‌ఓఏ మీటింగ్ ఎప్పుడయ్యా అంటే నిన్ననే అయింది. మంచు మాత్రం ఎవరితో సంబంధం లేకుండా కరిగిపోయింది.

గ్రీన్‌వే అనే మన టోల్ రోడ్డు సంగతి కూడా అంతే. పధ్నాలుగు మైళ్లకి రద్దీ వేళ 5 డాలర్ల 80 సెంట్లు కడుతూ "ఈ కౌంటీ వాళ్లు దోచేస్తున్నారు" అని తిట్టుకుంటాం. అది ప్రైవేట్ రోడ్డు, 1995లో మొదలైంది, టోల్ ఎంత ఉండాలో రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కూర్చున్న స్టేట్ కార్పొరేషన్ కమిషన్ చెప్తుంది. దాన్ని 8 డాలర్ల 10 సెంట్లకి పెంచుకుంటామని కంపెనీ అడిగితే 2024లో ఆ కమిషనే కుదరదంది. మన కౌంటీ బోర్డు ఆ పెంపుకి అడ్డంగా నిలబడింది. అంటే మనం తిట్టేది మన తరఫున కొట్లాడిన వాళ్లని. ఇవన్నీ ఆ నెలనెలా వచ్చే అప్‌డేట్లలోనే ఉన్నాయి, నేను తర్వాత తీరిగ్గా చదువుకున్నా.

స్కూలు బౌండరీలు మారుస్తున్నారని సూపర్‌వైజర్ మీద పడేవాళ్లు కూడా ఉన్నారు మన గ్రూపుల్లో. బౌండరీలు గీసేది స్కూల్ బోర్డు. అది వేరే ఎన్నిక, వేరే మనుషులు. సూపర్‌వైజర్లు చేసేదల్లా డబ్బివ్వడం, అది కూడా చిన్న డబ్బు కాదు, స్థానిక పన్నుల్లో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. ఏ క్లాసులో ఏం చెప్పాలి, మా అబ్బాయి ఏ మిడిల్ స్కూలుకి వెళ్లాలి అనేది వాళ్ల చేతిలో లేదు. దీపావళికి మన పిల్లలకి సెలవు వస్తోందంటే అది ఆ స్కూల్ బోర్డు చలవే.

ఇక కరెంటు లైన్లు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కరెంటు కంపెనీ డొమినియన్ ఎనర్జీ వేస్తామంటున్న 500 కిలోవోల్ట్ లైన్లు, గోల్డెన్ సబ్‌స్టేషన్ నుంచి మార్స్ సబ్‌స్టేషన్‌కి వెళ్లేది వాటిలో ఒకటి, లౌడన్ వ్యాలీ ఎస్టేట్స్ లాంటి మనవాళ్లు కిక్కిరిసి ఉండే చోట్ల ఇళ్ల దగ్గరగా పోతాయని తెలిసినప్పుడు జనం గోలపెట్టారు, భూమిలో పాతమని అడిగారు, అడగాల్సిందే. కానీ అక్కడ కూడా ఆఖరి మాట రిచ్‌మండ్ కమిషన్‌దే. బోర్డు చేయగలిగింది ఆ కేసులో మన తరఫున మాట్లాడటం. అయితే ఆ లైన్లు ఎందుకు కావాల్సి వచ్చాయో ఆలోచించండి. డేటా సెంటర్లకి కరెంటు కావాలి. ఆ డేటా సెంటర్లు ఎక్కడ కట్టాలో ఎవరు ఒప్పుకున్నారు? బోర్డు. తీగ మీ ఇంటి మీదకి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, తీగ లాగితే కదిలే డొంక ఎక్కడో అయిదేళ్ల కిందటి జోనింగ్ ఓటులో, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చే ఓటులో ఉంటుంది. ఆ ఓటు రోజు మనం ఎక్కడున్నాం? బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్‌కి కొటేషన్లు తీసుకుంటున్నాం.

డేటా సెంటర్లని తిట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. మనలో సగంమంది ఆ క్లౌడ్ మీదే బతుకుతున్నాం, నేనూ అంతే, పగలంతా దాని మీద పని చేసి రాత్రి దాని చప్పుడు మీద ఫిర్యాదు చేస్తా. లెక్క కూడా చూడండి. 2013లో లౌడన్‌లో ఇంటి పన్ను నూరు డాలర్ల విలువకి 120.5 సెంట్లు. 2025లో 80.5 సెంట్లు. ఆ 2025 రేటుకి 8 లక్షల డాలర్ల ఇంటికి 6,440 అవుతుంది, పాత రేటే ఉంటే 9,640 అయ్యేది. అదే విలువ ఇల్లు పక్కన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటే 2025 రేటు 112 సెంట్ల పైన, దగ్గరదగ్గర 9 వేలు. మన రేటు ఇంత తగ్గడానికి పెద్ద కారణం ఆ కిటికీల్లేని డబ్బాల్లాంటి బిల్డింగుల్లో ఉన్న కంప్యూటర్ల మీద కౌంటీ వేసే పన్ను. కాదనలేం. ఇళ్ల విలువలు పెరిగాయి కాబట్టి బిల్లు తగ్గినట్టు అనిపించదు, అది వేరే ఏడుపు. ప్రపంచ ఇంటర్నెట్‌లో 70 శాతం ఇక్కడి నుంచే పోతుందని కూడా గొప్పగా చెప్తుంటారు, దాన్ని ఎవరు కూర్చుని లెక్కపెట్టారో మాత్రం నన్నడక్కండి.

కాబట్టి నా గొడవ డేటా సెంటర్ కావాలా వద్దా అని కాదు. ఎక్కడ, ఇళ్లకి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, చప్పుడు ఎంతవరకు, మధ్యలో చెట్లు ఉంచుతారా లేదా. అవన్నీ అడగడానికి ఒక చోటు, ఒక రోజు ఉంటాయి. ఇదివరకు కొన్ని జోన్లలో అదీ ఉండేది కాదు. "బై రైట్" అనేవారు, రూల్స్ ప్రకారం ఉంటే చాలు, హియరింగ్ లేదు, ఓటు లేదు, ఆఫీసులో కాగితాలు చూసి సంతకం పెట్టేసేవారు. 2025 మార్చిలో బోర్డు దాన్ని తీసేసింది. అప్పటికే లైన్లో ఉన్నవాటిలో కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు గానీ, ఇక ముందు వచ్చే డేటా సెంటర్ ఏదైనా స్పెషల్ ఎక్సెప్షన్ తెచ్చుకోవాలి, అంటే ముందు ప్లానింగ్ కమిషన్ దగ్గరా, తర్వాత బోర్డు దగ్గరా జనం ముందు విచారణ జరగాలి. ఇది ఎంత పెద్ద మార్పో నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. మన గ్రూపుల్లో దాని మీద ఒక్క మెసేజ్ లేదు, నేను వెతికా. ఆ వారం మనం ఐపీఎల్ మొదలైందని గోల చేస్తున్నాం.

మా పెద్దమ్మ కొడుకు విశాఖలో ఉంటాడు. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ 15 బిలియన్ డాలర్లతో పెద్ద డేటా సెంటర్ పెడుతుందని ప్రకటించాక ఫోన్ చేశాడు. "అక్కా, మీ ఊరు వీటికి ప్రపంచానికే రాజధాని అంట కదా, ఎలా ఉంటుందే, ఉద్యోగాలొస్తాయా, నీళ్లేమైపోతాయి, చప్పుడుంటుందా?" అని ఒకటే ప్రశ్నలు. కడుతున్నప్పుడు పని ఉంటుందిరా, కట్టాక లోపల ఉండేది కొద్దిమందే అని చెప్పా, పన్ను డబ్బు గురించి చెప్పా, పిండిమర గురించి కూడా చెప్పా. "మరి మీరు అడగలేదా మీవాళ్లని?" అన్నాడు. దానికి మాత్రం సిగ్నల్ సరిగ్గా లేదురా అని అబద్ధమాడా.

ఆ తర్వాతే ఒక హియరింగ్‌కి వెళ్లా. లీస్‌బర్గ్‌లో హారిసన్ స్ట్రీట్ మీద గవర్నమెంట్ సెంటర్, సాయంత్రం ఆరింటికి. బోర్డ్ రూమ్‌లో కుర్చీలు సగం ఖాళీ. ఎదురుగా అర్ధచంద్రంలా తొమ్మిదిమంది, మధ్యలో ఒక మైకు స్టాండు, అది నా ఎత్తుకి సరిపోలేదు. నాకు ముందు ఒక పెద్దాయన మాట్లాడాడు, పశ్చిమ లౌడన్ నుంచి వచ్చాడు, బూట్లకి మట్టి ఉంది. ఆయన గోడు ఏంటనుకున్నారు? మా మట్టి రోడ్డుని తారు రోడ్డు చేయొద్దు అని! అటువైపు ఇంకా వందల మైళ్ల కంకర రోడ్లున్నాయి, రెండు వందల ఏళ్ల నాటివి కూడా ఉన్నాయట, వాటిని అలాగే ఉంచాలని గుర్రాలవాళ్లూ రైతులూ ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. మా ఊళ్లో తారు రోడ్డు కోసం నాన్నవాళ్లు ఎమ్మార్వో ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నారు. ఇక్కడ వద్దని దండం పెడుతున్నారు. నవ్వొచ్చింది గానీ, ఆయన మాట్లాడిన పద్ధతి చూసి ఆగిపోయా. చేతిలో చిన్న కాగితం, రోడ్డు నంబరు, ఏ కల్వర్టు దగ్గర ఏమవుతుంది, ఫోటో. రెండున్నర నిమిషాల్లో ముగించాడు. ఒక సూపర్‌వైజర్ ఆయన్ని పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగాడు. అంటే ఆయన అక్కడికి రావడం పదోసారో ఇరవయ్యోసారో.

నా వంతు వచ్చింది. గొంతు ఎండిపోయింది, రోజూ ఆఫీసులో యాభైమంది ముందు ప్రెజెంటేషన్ ఇచ్చే మనిషిని, కాళ్లు వణికాయి. రాసుకున్నది సగమే చదివా, టైమర్ ఎరుపు వెలిగింది. పిండిమర అనే మాటకి ఇంగ్లిష్ ఏంటో ఆ క్షణానికి తట్టక, దూరంగా ఏదో మిల్లు ఆడుతున్నట్టు మా అత్తగారికి వినపడింది అని చెప్పా. ఏమైంది అంటారా? నేను మాట్లాడిన డేటా సెంటర్ అప్లికేషన్ ఆ రోజు తేలలేదు, బిల్డర్ని చప్పుడు లెక్కలు ఇంకొంచెం వివరంగా తెమ్మని కమిటీకి పంపారు. నా వల్లే అని చెప్పను, నాకు ముందు మాట్లాడిన ఒక రిటైర్డ్ ఇంజినీరు నాకంటే పది రెట్లు బాగా చెప్పాడు. కానీ సమావేశం మధ్యలో బోర్డులో ఒకావిడ "మిల్లు గురించి ఒక నివాసి చెప్పారు" అని నా మాట ఎత్తింది. ఇంటికొచ్చి ఆ వీడియోలో ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నానో మా ఆయన్ని అడగండి.

"మాకు ఓటే లేదు, మేమెళ్లి ఏం మాట్లాడతాం" అనేవాళ్లకి ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు క్యూలో తలనెరిసినా, హియరింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు. అక్కడ నన్నెవరూ వీసా అడగలేదు. పేరు, ఏ డిస్ట్రిక్ట్ అంతే. ఈమెయిల్ రాసినా రికార్డులోకి వెళ్తుంది. కార్ల పన్ను మే 5కి, అక్టోబర్ 5కి, ఇంటి పన్ను జూన్ 5కి, డిసెంబర్ 5కి ఒక్క రోజు లేటు కాకుండా కడుతున్నాం, వీసా చూసి దాంట్లో తగ్గిస్తున్నారా? అయితే ఒక్క జాగ్రత్త: డీఎంవీలో లైసెన్స్ పనికి వెళ్లినప్పుడు ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. సిటిజన్ కానివాళ్లు పొరపాటున కూడా అవును అని నొక్కొద్దు, ఇమ్మిగ్రేషన్‌లో అది పెద్ద తలకాయనొప్పి అవుతుంది. మాట్లాడటం వేరు, ఓటు వేరు.

ఓటు ఉన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ప్రెసిడెంట్ ఎన్నికలప్పుడు తెల్లారేదాకా కూర్చుని పెన్సిల్వేనియాలో ఏ కౌంటీ ఎటు పోయిందో చెప్పుకుంటాం. సుహాస్ సుబ్రమణ్యం కాంగ్రెస్‌కి వెళ్లాడని, కణ్ణన్ శ్రీనివాసన్ స్టేట్ సెనేట్‌కి వెళ్లాడని, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిందని ఫోటోలు ఫార్వర్డ్ చేసుకుంటాం, సంతోషమే, నేనూ చేశా. మన బోర్డు ఎన్నిక మాత్రం బేసి సంవత్సరంలో, నాలుగేళ్లకొకసారి. పోయినసారి 2023, మళ్లీ 2027 నవంబర్. ఆ రోజు పోలింగ్ బూత్‌లో పార్కింగ్ ఎంత సులభంగా దొరుకుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఒక్క ఓటు ఏం చేస్తుందో చెప్పనా? మనమంతా గొప్పగా చెప్పుకునే సిల్వర్ లైన్ మెట్రో, 2022 నవంబర్‌లో ఆష్‌బర్న్ దాకా వచ్చింది కదా. అది కౌంటీలోకి రావాలా వద్దా అని బోర్డు 2012 జూలైలో ఓటేసింది. అయిదుగురు రావాలన్నారు, నలుగురు వద్దన్నారు. ఆ ఒక్కరు అటు తిరిగి ఉంటే మెట్రో దగ్గర అని చెప్పి మీ రియల్టర్ మీకు అమ్మిన ఇల్లు ఇవాళ ఏ రేటు పలికేదో లెక్కేసుకోండి.

ఆ మెయిల్ ఎలా చదవాలో కూడా చెప్తా, మొత్తం చదవక్కర్లేదు. నేనే సగం చదవను. రిబ్బన్ కత్తిరించే ఫోటోలు, రక్తదానం, పాత కాగితాలు తెచ్చి ముక్కలు చేయించుకునే శనివారం, ఇవి దాటేయండి. (ఆ కాగితాల శనివారం మాత్రం పనికొస్తుంది, పదేళ్ల పేస్టబ్‌లు వదిలించుకున్నా.) "పబ్లిక్ హియరింగ్", "ల్యాండ్ యూజ్", "రీజోనింగ్", "స్పెషల్ ఎక్సెప్షన్" అనే మాటలు కనపడితే ఆగండి, పక్కన ఏ రోడ్డు పేరుందో చూడండి. "ప్రోఫర్" అని వస్తుంది, అంటే జోనింగ్ మారిస్తే దానికి బదులు నేను ఇంత రోడ్డు వేస్తా, స్కూలుకి ఇంత స్థలమిస్తా అని బిల్డర్ రాసిచ్చే హామీ. ఒకసారి ఒప్పుకున్నాక దానికి కట్టుబడాల్సిందే, అందుకే అందులో ఏముందో ముందే అడగాలి. ఫిబ్రవరిలో బడ్జెట్ ప్రతిపాదన వస్తుంది, మార్చి ప్రాంతంలో దాని మీద హియరింగ్‌లు, ఏప్రిల్ మొదట్లో ఓటు, జూలై 1 నుంచి అమలు. పన్ను రేటు మీద ఏడవాలనుకునేవాళ్లు ఫిబ్రవరి, మార్చిల్లో ఏడవండి, జూన్ 5న బిల్లు కట్టేటప్పుడు కాదు.

సూపర్‌వైజర్లకీ ఒక మాట, ఎవరైనా వాళ్లకి అనువదించి పెడితే. అయ్యా, అమ్మా, మీ అప్‌డేట్లలో జోనింగ్ భాష ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే అర్థం కాదు. అప్లికేషన్ నంబరు కాదు మాకు కావాల్సింది, ఆ స్థలం ఏ స్కూలు ఎదురుగా ఉందో, ఏ గ్రోసరీ షాపు వెనక ఉందో ఒక్క ముక్క రాయండి. మా వీధి పేరున్న మెయిల్‌కి "మే ఎడిషన్" అని సబ్జెక్ట్ పెడితే ఎవరు తెరుస్తారు? ఈ కౌంటీలో ప్రతి అయిదుగురిలో ఒకరు ఆసియా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, ఉగాదికో దీపావళికో వచ్చి దీపం వెలిగించి ఫోటో దిగి వెళ్తున్నారు, సంతోషం. వచ్చేసారి దీపం వెలిగించాక ఓ పది నిమిషాలు మైకు పట్టుకుని, వచ్చే నెల మా వీధిలో ఏం ఓటుకి వస్తోందో చెప్పి వెళ్లండి. భోజనాలు కాస్త ఆలస్యమైనా పర్లేదు, ఎలాగూ మా భోజనాలు టైముకి మొదలవ్వవు.

ఈ నెల మెయిల్ వచ్చింది. మా ఇంటికి రెండు మైళ్ల లోపు రెండు అప్లికేషన్లున్నాయి, వాటిలో ఒకటి హియరింగ్‌కి వస్తోంది, బుధవారం సాయంత్రం ఆరింటికి. నేను వెళ్తున్నా. నా బండిలో ఇంకా అయిదుగురికి చోటుంది, బ్రాంబుల్టన్ లైబ్రరీ ముందు అయిదుంపావుకి ఆగుతా, పావుతక్కువ ఆరు అని రావొద్దు, మన టైమింగ్ నాకు తెలుసు. మాట్లాడటం భయమైతే ఊరికే వచ్చి కూర్చోండి, కుర్చీలు నిండినా వాళ్లు లెక్కపెట్టుకుంటారు. తిరిగొచ్చేసరికి పిల్లలు పడుకుంటారు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. పులిహోర నేను తెస్తా. బోర్డ్ రూమ్‌లోకి తిండి రానివ్వరు, పార్కింగ్ గరాజ్‌లోనే కానిచ్చేద్దాం.

మీలో ఒకత్తి,
వెనక అడవి పోయిన టౌన్‌హౌస్ నుంచి